తప్పటడుగుల పిల్లలకు కూరగాయల స్కోనులు



ఈ సాయంకాలము నేను వ్యాకరణమును గూర్చియో ప్రబంధములను గూర్చియో ముచ్చటింతునని నన్నెఱిగినవారు తలచియుందురు. ముప్పదినాలుగు సంవత్సరములు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనై, విభక్తులను సమాసములను బాలురచేత వల్లెవేయించి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు పొయ్యికడ నిలిచి రొట్టెలు కాల్చు విధము చెప్పుట వింతగా తోచవచ్చును. నాకును మొదట వింతగానే యుండెను. కాని అరువదియైదవ యేట నాకబ్బిన విద్య యిది. దీనికి గురువులిద్దరు. ఒకరు నా కుమార్తె. రెండవవాడు ఏడాదిన్నర నిండని నా మనుమడు.

మా అమ్మాయి స్కాట్లండు దేశమున ఎడింబరో నగరములో కాపురమున్నది. మా యింటియామె కాలము చేసి మూడేండ్లయినది. "ఒంటరిగా అక్కడ ఏం చేస్తారు నాన్నగారూ! పిల్లవాడికి మీరు తోడు, మీకు వాడు తోడు" అని అమ్మాయి పిలువగా, గడచిన శీతకాలమున అచ్చటికి పోయి కొన్ని మాసములుంటిని. అమ్మాయియు అల్లుడును ఉద్యోగములకు పోవుదురు. వారిలో నొకరు ఇంటినుండి పనిచేయు దినములందు పిల్లవానిని కనిపెట్టుకొనియుండుట నా పని.

పిల్లవానికి అప్పటికి పదునాఱు నెలలు. తప్పటడుగులు వేయుచుండెను. ఇల్లంతయు వాని రాజ్యమే. కాని భోజనసమయము వచ్చినదన్న నోరు బిగియబట్టి, తల యటునిటు త్రిప్పును. కూరగాయ యన్న మఱింత విముఖత. నేను గిన్నె చేతబట్టుకొని గదిగదికి వాని వెంట తిరుగుచు, కిటికీకడ చందమామను చూపుచు, వాడు నవ్విన క్షణమున ముద్ద నోట కుక్కుచుంటిని. మన యిండ్లలో తరతరములనుండి జరుగుచున్న ముచ్చటయే యిది. అమ్మాయి ఒకటి రెండుమాఱులు, "బలవంతం చేయకండి నాన్నగారూ! వాడికి చాలితే వాడే చెప్తాడు" అనెను. "నిన్ను నీ తల్లి యిట్లే పెంచినది కాదా?" అని నేను బదులు చెప్పితిని. ముప్పదినాలుగేండ్లు ఎదురుమాట వినని నోరు నాది.

ఇక నా వలన జరిగిన పొరపాటును చెప్పవలెను. దానిని దాచినచో ఈ ప్రసంగమునకు ప్రయోజనము లేదు.

ఒకనాటి సాయంకాలము పిల్లవాడు అన్నము ముట్టలేదు. వంటబల్లమీద అమ్మాయి తఱిగియుంచిన పచ్చి క్యారెట్టు చక్రములుండెను. వాడు చేయి చాచెను. కూరగాయను తానై అడుగుచున్నాడు గదా యని మురిసి ఒక చక్రమును చేతికిచ్చితిని. వాడు దానిని నోటబెట్టుకొని పరుగు లంకించుకొనెను. రెండడుగులు వేసి నిలిచిపోయెను. ఏడ్పు లేదు, దగ్గు లేదు, శబ్దమే లేదు. కన్నులు మాత్రము పెద్దవైనవి. పెదవుల రంగు మాఱినది. నేను వాని పేరు పెట్టి పిలుచుచు నిలిచితినేకాని, చేయవలసిన దేమో నాకు తెలియదు. అమ్మాయి ప్రక్కగదినుండి పరుగెత్తివచ్చి, వానిని తన తొడమీద బోర్లించి, తల క్రిందుగా నుంచి, రెండు ఱెక్కల యెముకల నడుమ అరచేతి మడమతో గట్టిగా చఱచెను. మూడవ దెబ్బకు ఆ ముక్క నేలబడినది. అప్పుడు వాడేడ్చెను. ఆ యేడ్పువంటి మధురమైన ధ్వని నేను నా జన్మలో వినలేదు.

అమ్మాయి నన్నొక్క మాటయు అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శ్రోతలారా! ఇది తెలిసికొనుడు. ఈ వయస్సు పిల్లల గొంతు సన్నము. ముందుపండ్లు కొఱుకును గాని, నమలి పిండిచేయు దంతములు పూర్తిగా వచ్చియుండవు. కావున గట్టివియు గుండ్రనివియు అగు ఆహారములు వారికి ప్రమాదకరములు. పచ్చి క్యారెట్టు ముక్కలు, వేరుసెనగ మొదలైన గింజలు, కోయని ద్రాక్షపండ్లు ఇట్టివి. గింజలను ఐదేండ్లు నిండువఱకు పొడిచేసియే పెట్టవలెను. ద్రాక్షపండును నిలువున నాలుగుగా చీల్చి ఈయవలెను. ముక్క అడ్డుపడినపుడు పిల్లవాడు గట్టిగా దగ్గగలిగినచో దగ్గనిండు. దగ్గలేక పోయినచో ముందునకు వంచి వీపుమీద ఐదుమాఱులు చఱవవలెను. దానివలన ఫలము లేకున్న, ఏడాది దాటిన పిల్లలకు వెనుకనుండి పట్టుకొని, బొడ్డునకు పైన పొట్టను లోనికిని మీదికిని ఐదుమాఱులు నొక్కవలెను. ఏడాదిలోపు శిశువునకు పొట్టను నొక్కరాదు; రొమ్ము నడిమిభాగమును నొక్కవలెను. ముక్క వెలువడువఱకు ఈ రెండింటిని మార్చిమార్చి చేయుచుండవలెను. ఈలోపల మఱియొకరు 108కి ఫోను చేయవలెను. నోటిలో కనబడని ముక్కకై వ్రేలు పెట్టి కెలకరాదు. అది మఱింత లోనికి పోవును. వినుటకంటె, తెలిసినవారికడ చేతులతో ఒకమాఱు అభ్యసించుట మేలు. నేనిప్పుడు అభ్యసించితిని.

మఱునాటి యుదయమున అమ్మాయి నా ముందొక పళ్లెములో పిండి పెట్టి, "నాన్నగారూ! ఈవేళ వాడి ఫలహారం మీరే చేయాలి" అనెను. అది నా తప్పునకు ప్రాయశ్చిత్తమని నాకు తోచినది. అది స్కోనులు చేయుటకై పెట్టిన పిండి.

స్కోను అనునది ఆ దేశపు రొట్టె. వ్యాకరణపండితుడను గనుక నేను మొదట విచారించినది దాని యుచ్చారణమును! స్కాట్లండువారిలో పెక్కుమంది దానిని "స్కాన్" అని హ్రస్వముగా పలుకుదురు. ఇంగ్లండునందు కొందఱు "స్కోన్" అని దీర్ఘముగా పలుకుదురు. ఇందు ఏది సాధువని వారిలో వారికి వాదము కలదు. ఈ శబ్దము గ్రంథస్థమైన తొలి తావులలో ఒకటి కావ్యమే యగుట నాకు మిక్కిలి సంతోషము కలిగించెను. లాటిను మహాకవి వర్జిలు రచించిన ఈనియడ్ కావ్యమును గేవిన్ డగ్లసు అను కవి 1513లో స్కాట్ల భాషలోనికి పరివర్తించి, అందీ పదమును వాడెను. ఇల్లు వాకిలి కోల్పోయి సముద్రములు దాటిన ట్రాయివారు ఇటలీ తీరమున దిగి, పలుచని రొట్టెలను పచ్చికపై పఱచి, వానిపై పండ్లు మొదలగునవి పెట్టుకొని తిందురు. ఆకలి తీఱక ఆ రొట్టెలను కూడ తిందురు. నాయకుని కుమారుడైన బాలుడు, మనము బల్లలను సైతము తినుచున్నామని పరిహాసమాడును. బల్లలనే భక్షించునంతటి యాకలి కలిగినచోట వారికి నివాసము స్థిరపడునని పూర్వమొక జోస్యము కలదు. పిల్లవాని హాస్యోక్తితో అది నెఱవేఱినది. విస్తరివలె పఱచుకొని, తుదకు విస్తరినే తినదగిన భక్ష్యమని నేను నవ్వుకొంటిని.

పూర్వము స్కాట్లండునందు ఇవి యవలతోను ఓట్లతోను చేయబడి, పెనముమీద పెద్ద చక్రముగా కాల్చి, నాలుగు చెక్కలుగా కోయబడుచుండెను. ఇప్పటివి గోధుమపిండితో చేసి ఓవెనులో కాల్చునవి. ఇవి పొంగుటకు ఈస్టు అక్కఱలేదు. బేకింగు పౌడరు చాలును. దానికొక చక్కని కథ కలదు. బర్మింగుహాములో ఆల్ఫ్రెడ్ బర్డు అను రసాయనశాస్త్రజ్ఞుని భార్యకు గ్రుడ్లును ఈస్టును సరిపడవు. ఆమె తినదగిన రొట్టెకై అతడు 1843లో ఈస్టు లేని పొంగుచూర్ణమును కనిపెట్టెను. గ్రుడ్డు లేని కస్టర్డును అంతకుముందే, 1837లో, ఆమెకొఱకే చేసియుండెను. సోడాయును పులుపుగల లవణమును పొడిగా కలిసియున్నంతవఱకు ఊరకుండును. తడి తగిలినపుడు వానినుండి బొగ్గుపులుసువాయువు వెలువడి పిండిని లేవనెత్తును. కావుననే పాలు పోసిన పిమ్మట ఆలస్యము చేయక ఓవెనులో పెట్టవలెను.

ఇక చేయు విధము. పొంగుచూర్ణము ముందే కలిపి అమ్మెడు గోధుమపిండి 225 గ్రాములు. ఉప్పు లేని చల్లని వెన్న 50 గ్రాములు. సన్నగా తుఱిమి, గుడ్డలో మూటగట్టి నీరు పిండిన కూర 100 గ్రాములు. మేము క్యారెట్టును, దోసజాతికి చెందిన కూర్జెట్టు కాయను కలిపితిమి. తుఱిమిన చీజు 50 గ్రాములు. నేను శాకాహారిని గనుక, జంతుసంబంధము లేని చీజును కొంటిమి. పాలు సుమారు 100 మిల్లీలీటర్లు. కూరలో తడి యుండును గనుక ఒక్కమాఱు గ్రుమ్మరింపక కొంచెము కొంచెముగా పోయవలెను. గ్రుడ్డు మేము వేయలేదు. వేయకున్నను లోపము లేదు.

వెన్నను పిండిలో వ్రేలికొనలతో రవ్వవలె అగువఱకు చిదిమి, కూరను చీజును కలిపి, పాలు పోసి ముద్దచేయవలెను. ఇచ్చటనే నేను తప్పితిని. పూరీలపిండిని వలె పది నిమిషములు మర్దించితిని. ఓవెనునుండి దిగినవి రొట్టెలు కావు, రోలుబండలు. "కలిపీ కలపనట్లు వదిలేయాలి నాన్నగారూ! ఎక్కువ పిసికితే బిగుసుకుపోతుంది" అని అమ్మాయి నవ్వెను. గోధుమయందు గ్లూటెను అను జిగురు కలదు; మర్దించినకొలది అది సాగి బిగిసిపోవును. ముప్పదినాలుగేండ్లు బాలురను నేను కొంచెమెక్కువగానే మర్దించితినేమో యని ఆనాడు మొదటిసారి నాకు తోచెను. దానికిప్పుడు చేయగలది లేదు. పిండిని మాత్రము వదలిపెట్టితిని.

రెండవనాడు కలిపిన పిండిని చేతితో మెల్లగా తట్టి, రెండు సెంటీమీటర్ల మందమున పఱచి, చిన్న గ్లాసు అంచుతో గుండ్రములుగా కోసితిని. కోయునపుడు గ్లాసును త్రిప్పరాదు. తిన్నగా నొక్కి ఎత్తవలెను. లేకున్న అంచులు అంటుకొని రొట్టె వంకరగా పొంగును. ఓవెనును ముందుగానే 220 సెంటిగ్రేడు డిగ్రీలకు వేడిచేసియుంచి, పండ్రెండు మొదలు పదునైదు నిమిషములు కాల్చితిమి. బంగారువన్నెతో పొంగివచ్చినవి. ఓవెను తలుపు తెఱచినపుడు అమ్మాయి, "అమ్మ దిబ్బరొట్టె వాసన గుర్తొస్తోంది" అనెను. మా యింటియామె కుంపటిమీద మూకుడు పెట్టి, మినప్పిండి పోసి, మూతపైన నిప్పులు పోసి కాల్చెడిది. పైనను నిప్పే, క్రిందను నిప్పే. ఓవెనులోని రహస్యమును అదియే గదా. ఇద్దఱము కొంతసేపు మాటలాడలేదు.

ఉప్పును గూర్చి ఒక మాట. ఏడాది మొదలు మూడేండ్ల వయస్సుగల బిడ్డకు దినమునకు రెండు గ్రాములకు మించి ఉప్పు పనికిరాదని బ్రిటను వైద్యశాఖవారి హితవు. పొంగుచూర్ణమునందును చీజునందును అది యిదివఱకే యున్నది. కావున వేఱుగ ఉప్పు వేయనక్కఱలేదు. మన నాలుకకు చప్పగా నుండవచ్చును. పిల్లవాని నాలుక ఇంకను మనవలె చెడియుండలేదు.

ఇంత శ్రమపడి చేసినదానిని మనుమడు మొదటినాడు నేలకు విసరెను. నాకు కోపము వచ్చినది. "పెట్టడం వరకే మన పని నాన్నగారూ! ఎంత తినాలో వాడి పని" అని అమ్మాయి మరల చెప్పెను. ఈసారి నేను బదులు చెప్పలేదు. క్రొత్త రుచికి శిశువు అలవాటుపడుటకు పది, పదునైదు మాఱులు దానిని ముందుంచవలసి వచ్చుననియు, బలవంతమువలన విముఖతయే పెరుగుననియు శిశువైద్యులు చెప్పుదురు. రెండవనాడు వాడు దానిని పొడిపొడి చేసెను. మూడవనాడు వాసన చూచెను. నాలుగవనాడు నాకి వదలిపెట్టెను. నేను గిన్నెతో వెంట తిరుగుట మానితిని. వానిని ఎత్తుకుర్చీలో తిన్నగా కూర్చుండబెట్టి, గోరువెచ్చని స్కోనును చీల్చి, సగము వాని ముందును సగము నా ముందును పెట్టి, ప్రక్కన మంచినీరుంచి, నా పాలు నేను తినుచుంటిని. పొడిరొట్టె గొంతునకు అడ్డుపడకుండ నీరుండవలెను, పెద్దలు కనిపెట్టియుండవలెను. నడచుచు పరుగెత్తుచు తినరాదను నియమము ఆనాటినుండి ఆ యింట స్థిరమైనది.

తొమ్మిదవనాడు వాడు కొఱికెను. నమలెను. మఱల కొఱికెను. తుదకు తన యెంగిలి ముక్కను నా నోటికి చాచెను. నేను ఆచారవంతుల యింట పుట్టి, ఎంగిలి యన్న ఆమడదూరము తొలగినవాడను. ఆ ముక్కను కన్నుల కద్దుకొని తింటిని.

నేనిప్పుడు మా యూరికి తిరిగివచ్చితిని. ఇచ్చట ఓవెను లేదు, అవసరమును లేదు. స్కాట్లండువారు మొదట పెనముమీదనే గదా కాల్చిరి! గోధుమపిండి, మైదా సమపాళ్లుగా కలిసి 250 గ్రాములు, తినెడుసోడా ముప్పాతిక చిన్నచెంచా, చిదుముటకు కొంచెము వెన్న, నీరు పిండిన సొరకాయ తుఱుము, సన్నగా తఱిగిన లేత ములగాకు, చిటికెడు జీలకఱ్ఱపొడి. వీనిని పుల్లని పెరుగుతో కలిపెదను. పెరుగులోని పులుపే సోడాను మేలుకొలుపును. వ్రేలి మందమున చక్రముగా తట్టి, నెయ్యి రాచిన దళసరి మూకుటిలో పెట్టి, మూతవేసి, సన్నని సెగపై ఒక్కొక్కవైపు ఎనిమిది నిమిషములు కాల్చి, ఎనిమిది చెక్కలుగా కోసెదను. మొదటిది అడుగంటినది. తర్వాతివి కుదిరినవి. గోధుమగాని పాలుగాని సరిపడని బిడ్డలుందురు. వారి తల్లిదండ్రులు వైద్యుని అడిగి నడచుకొనవలెను.

ఇది వేడుకకై చెప్పుమాట కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, మన దేశమున ఆఱునెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత కలదని తేలినది. ఒక్క రొట్టెతో అది తీఱదు. కాని దినదినము పలువిధములైన ఆహారము పిల్లవాని ముందునకు రావలెను. గృహ్యసూత్రములు ఆఱవ మాసమున అన్నప్రాశనము విధించినవి. ప్రపంచారోగ్యసంస్థవారును ఆఱునెలలకే పైయాహారము మొదలుపెట్టి, కూరలను పండ్లను నిత్యము పెట్టుమని 2023లో చెప్పిరి. పూర్వులకును నవీనులకును ఇచ్చట విరోధము లేదు. ఒక్కచోట మాత్రము నేను నవీనుల మాట విన్నాను. పూర్వాచారమున అన్నప్రాశనమునాడు పెరుగుతోను నేతితోను తేనెను కూడ కలుపుదురు. ఏడాదిలోపు శిశువునకు తేనెయందలి సూక్ష్మబీజములవలన బాట్యులిజము అను దారుణవ్యాధి కలుగవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. మా ప్రక్కయింటి శిశువు అన్నప్రాశనమునకు నన్ను పెద్దగా పిలిచినపుడు తేనెగిన్నెను నేనే తొలగించితిని. శాస్త్రము శిశువు కొఱకే గాని, శిశువు శాస్త్రము కొఱకు కాదు.

తాతలారా! మామ్మలారా! మనకు తీరిక కలదు, ఓర్పు కలదు. లేనిదల్లా మన పిల్లలు చెప్పు మాటను వినెడి అలవాటు. దానిని నేనొక భయంకరమైన సాయంకాలమున నేర్చితిని. మీరు పళ్లెమునొద్ద, పిండి కలుపుచు నేర్చుకొనుడు.

నిన్నటి ఆదివారము అమ్మాయి ఫోనులో మనుమని చూపినది. వాడు స్కోనును చేతబట్టుకొని, తెరలో కనబడు నా నోటికి అందింపజూచుచుండెను.

సెలవు.